మంచానికే పరిమితం అని నేను రాసిన అవ్వ

ఆ శుక్రవారం నేను చేసిన తప్పు చూడడానికి చాలా చిన్నది. ఒక కాగితం మీదున్న రెండు మాటలను ఇంకో కాగితం మీదికి ఎక్కించాను. రోగిని లేపి చూడలేదు, కూర్చోబెట్టి చూడలేదు, ఒక్క ప్రశ్న అడగలేదు. పాత కాగితంలో "మంచానికే పరిమితం" అని ఉంది. కట్టు కట్టాక రాసిచ్చే కొత్త కాగితంలో నేనూ అదే రాశాను. రాసి, అలవాటు కొద్దీ కింద రెండు గీతలు గీశాను. అప్పుడు చూశాను, పాత కాగితంలోనూ ఆ మాటల కింద రెండు గీతలున్నాయి, స్కేలు పెట్టి గీసినంత తిన్నగా. ఆ చేతిరాత ఎవరిదో పోల్చుకోవడానికి ఎక్కువసేపు పట్టలేదు. నాదే.

పద్దెనిమిదేళ్ల అనుభవం ఉన్న నర్సును నేను. ఎవరో బద్ధకస్తుడు రాసిన ముక్కను నమ్మి కాపీ కొట్టాను. ఆ బద్ధకస్తుడూ నేనే. ఇంత సొంతంగా, ఎవరి సాయమూ లేకుండా మోసపోవడం అందరికీ సాధ్యమయ్యే పని కాదు.

గద్వాలలో ఒక ప్రైవేటు దవాఖానలో, ఎముకల వార్డులో నా ఉద్యోగం. డ్యూటీ లేని పూట మోటారు సైకిల్ మీద చుట్టుపక్కల ఊళ్లకు పోయి, ఇళ్లలో మంచం మీదున్న ముసలివాళ్లకు పుండ్లు కడిగి కట్టు కట్టి వస్తుంటాను. ఆ రోజు ధరూర్ దిక్కు ఒక ఊళ్లో డెబ్బై దాటిన అవ్వకు, వెన్ను కింది భాగంలో, ఒకే తీరుగా పడుకుని పడుకుని పడిన పుండుకు కట్టు కట్టడానికి పిలిచారు. పుండు కడిగాను. కట్టు శుభ్రంగా కట్టాను. కట్టే పనిలో నన్ను వంక పెట్టేవాళ్లు లేరు. పుండు ఎందుకు పడిందో అడిగే పనిలోనే నాకు కొంచెం వెనుకబాటు.

ఆ పుండు చరిత్ర కాగితంలోనే ఉంది. రెండు నెలల కిందట, వాకిట్లో పేడనీళ్లు చల్లిన బండ మీద జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుని ఈ అవ్వ మా వార్డుకే వచ్చింది. గోడకు తిరిగి పడుకున్న మనిషిని నేను పోల్చుకోనేలేదు. డాక్టరు రాడ్డు వేశాడు. ఎక్స్‌రే ఎంత బాగా వచ్చిందంటే, ఆయన దాన్ని ఫోనులో ఫొటో తీసి ఇంకో డాక్టరుకు పంపుకుని మురిసిపోయాడు. నేనూ పక్కన నిలబడి మురిశాను. మనిషి లేచి నిలబడిందా లేదా అన్నది ఎక్స్‌రేలో పడదు కాబట్టి మా సంతోషానికి ఏ అడ్డూ రాలేదు.

మా వార్డుకు ఒక నియమం ఉండేది. ఆడ రోగులు ఎవరైనా సరే చీర విప్పి నైటీ వేసుకోవాలి. నియమం నాదే. చీర ఉంటే పక్కకు తిప్పడం కష్టం, మూత్రం ట్యూబు సర్దడం కష్టం, డైపరు మార్చడం కష్టం. ఈ కష్టాలన్నీ ఎవరివని నన్ను ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. అచ్చు వేయించి, ప్లాస్టిక్ పూత పూయించి గోడకు అతికించాను: "వృద్ధుల సౌకర్యార్థం నైటీ తప్పనిసరి." తోచిన మాటల్లో "సౌకర్యార్థం" అన్నదే నాకు ఎక్కువ నచ్చింది. అందులో చాలా దయ ఉన్నట్టు కనబడుతుంది.

ఆపరేషన్ మర్నాడు వాకర్ పట్టించి నిలబెట్టమని డాక్టరు చెప్పిపోయాడు. నేను వాకర్ తెచ్చి మంచం పక్కన పెట్టి, "లే అవ్వా, నడుద్దాం" అన్నాను. అవ్వ దుప్పటి గడ్డం దాకా లాక్కుని కళ్లు మూసుకుంది. పేరుకు ఆడవాళ్ల వార్డే గాని ప్రతి మంచం దగ్గర ఒక కొడుకో అల్లుడో నిలబడి ఉంటాడు. వాళ్లందరూ మా దిక్కే చూస్తున్నారు. "దుప్పటి తియ్యి అవ్వా" అన్నాను. ఇంకా గట్టిగా పట్టుకుంది. "మీ అమ్మ మొండిదయ్యా" అని ఆమె కొడుకుతో అన్నాను. ఆయన తలవంచుకున్నాడు. మూడో రోజూ అంతే. నాలుగో రోజు నేను అడగడం మానేశాను. నాకు పద్నాలుగు మంచాలున్నాయి. పద్నాలుగు మంచాలున్న మనిషికి ఏ తప్పయినా మాఫీ అని నేను చాలా ఏళ్లుగా నమ్ముతున్నాను.

రిజిస్టర్‌లో మొదట "సహకరించడం లేదు" అని రాశాను. డిశ్చార్జి నాడు ఆ మాట కొంచెం నిందలాగా అనిపించి, మర్యాదగా "మంచానికే పరిమితం" అని మార్చాను. మర్యాద అంటే నాకు మొదటి నుంచీ ఇష్టం.

ఆ కాగితం అవ్వతో పాటు వనపర్తిలో ఒక సంరక్షణ కేంద్రానికి పోయింది. అలాంటి చోట్ల పెద్దగా ఎవరూ ఎవరి కాగితాలూ చదవరు. మందుల పేర్లు చదవరు, ఏది పడదో చదవరు. నడవలేదు అన్న ముక్కను మాత్రం అందరూ చదువుతారు. దానివల్ల పని తగ్గుతుంది. అక్కడ ఆమెను నలభై రోజుల పైన పడుకోబెట్టారు, నా చేతిరాతకు అంత గౌరవమిచ్చి. ట్యూబు తీయలేదు, కాళ్లు ఆడించలేదు. తిండి మానేస్తోందని కొడుకు ఇంటికి తెచ్చుకున్నాడు. తెచ్చి పన్నెండు రోజులు. ఇంటి దగ్గర సబ్ సెంటర్ నర్సమ్మ వస్తోంది, బీపీ చూస్తోంది, ఆమె కూడా కాగితం చదివింది. ఇన్ని చోట్లు మారిన మనిషి గురించి ఇంతమంది ఒకే మాట మీద నిలబడడం మా వృత్తిలో అరుదు.

ఇది చెప్పకుండా ఉండగలిగితే బాగుండేది, కాని చెప్పాలి. సరిగ్గా దానికి వారం ముందు నాగర్‌కర్నూల్‌లో నర్సింగ్ చదివే పిల్లల ముందు మైకు పట్టుకుని గంటన్నర మాట్లాడాను. "ముసలివాళ్లను మంచాలుగా చూడకండి, మనుషులుగా చూడండి" అన్నాను. చప్పట్లు కొట్టారు. శాలువా కప్పారు. ఆ శాలువా ఇంకా మడత విప్పకుండా మా ఇంట్లో అల్మారాలో ఉంది.

సరే, ఆ శుక్రవారానికి వస్తాను. చేతిరాత నాదని తెలిసిన క్షణంలో నేను చేసిన మొదటి పని, పాత కాగితాన్ని మడిచి నెమ్మదిగా నా సంచిలోకి జారవిడవడం. పశ్చాత్తాపం తర్వాత వచ్చింది. ముందు దాచిపెట్టడమే.

"ఆ కాయిదం గీడ పెట్టు సారూ," అంది కోడలు, గుమ్మం దగ్గర నిలబడి. పొలానికి పోవాలని నెత్తికి గుడ్డ చుట్టుకుని ఉంది. "సోమవారం వనపర్తి నుంచి బండి వస్తది. వాళ్లు మొదలు కాయిదమే అడుగుతరు. మనిషిని తర్వాత జూస్తరు."

"మళ్ల పంపుతున్నరా?"

"పంపక ఏం జేయమంటవ్? పత్తి ఏరుడు నడుస్తుంది. పొద్దుగాల పోతె మాపటికి వస్తం. నేనొక్కదాన్ని ఆమెను లేపలేను, పొర్లించలేను. నా నడుమే ఇరిగేటట్టుంది. బాత్రూముకన్న తనంతట తాను పోతె ఎందుకు పంపుత? ఈసారి పోతె ఇగ ఆడనే ఉంటది. మేమే పోయి జూసొస్తం." కొంచెం ఆగి, "ఊరోళ్లు నన్ను తిడుతరు. తిట్టనియ్యి. ఒక్క దినం వచ్చి ఎత్తమను వాళ్లను," అంది.

ఆ మాటల్లో అబద్ధం ఒక్కటీ లేదు. అవ్వ గోడకు తిరిగి పడుకుని ఉంది. నీలం పూల నైటీ. ఆమె వీపు వింటోందని తెలుస్తూనే ఉంది.

నేను మంచం పక్కన పీట మీద కూర్చున్నాను. దవాఖానలో ఆమెతో ఎప్పుడూ నిలబడే మాట్లాడాను.

"అవ్వా, నువ్వు ఎందుకు లేస్తలేవు?"

ఆమె ఇటు తిరగకుండానే గోడతో చెప్పినట్టుగా, "ఎవరడిగిండ్రు నన్ను?" అంది.

"దవాఖానల నేను అడిగిన గద. లే అవ్వా, లే అవ్వా అని..."

"లే అన్నవు. ఎందుకు లేస్తలేవని అడగలే."

కోడలు నెత్తిగుడ్డ కొస నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఇప్పుడు అడుగుతున్న. చెప్పు."

అవ్వ మెల్లగా తల ఇటు తిప్పింది. "గీ సంచి తొడిగిచ్చి, లోపల ఏం లేకుంట, గంతమంది మొగోళ్ల ముంగట లేసి నిలవడుమంటివి. నీ అవ్వను గట్ల నిలవెడతవా?"

"మరి ఇంట్ల?"

"ఇంట్లయితె మొగోళ్లు రారా? నువ్వు రాలేదా? గోసి లేకుంట ఆడిది లేసి ఎట్ల నిలవడతది? కింద గాలి ఆడుతుంటె అది బట్ట కట్టుకున్నట్టేనా? పెండ్లి అయినకాడికెంచి గోసి కట్టకుంట గడప దాటలే నేను. నాట్లేసిన, కల్లంల చేసిన, ఐదుగురిని కన్న. ఇప్పుడు ముసల్దాన్నయిన అని సంచిల ఏస్తిరి."

మా పల్లెల్లో ఆ వయసు ఆడవాళ్లు చీరను కాళ్ల మధ్య నుంచి వెనక్కి తీసి నడుము దగ్గర దోపుకుంటారు. అదే గోచి. మా అమ్మమ్మా అలాగే కట్టేది. పొలంలో పని చేయాలన్నా, నలుగురిలో నిలబడాలన్నా వాళ్లకు ఆ గోచే ధైర్యం. నేను పుట్టింది పెరిగింది ఇక్కడే. ఇదేదో బయట దేశం సంగతి అయితే తెలియదనొచ్చు.

"మరి చీర కట్టమని కోడలికి చెప్పొచ్చు గద అవ్వా?" అన్నాను. ఇంకా ఎవరి మీదికైనా నెట్టొచ్చేమో అని చివరి ప్రయత్నం.

"దినాం చెప్తది సారూ," అంది కోడలు. "లేస్తె మొదలు, పంటె ఆఖరు, చీర చీర అని. మీరే గద కట్టొద్దని రాసిచ్చిండ్రు. నాలుగో లైన్ల ఉన్నది జూడు. నా బిడ్డ చదివి చెప్పింది."

సంచిలోంచి కాగితం మళ్లీ తీయక తప్పలేదు. ఉంది. నాలుగో వరుస. "నైటీ మాత్రమే వేయాలి." దాని కింద గీతలు లేవు, అదొక్కటే ఊరట.

"చీర కడితె బొక్క మళ్ల ఇరుగుతదేమోనని భయపడి పెట్టెకు తాళమేసిన," అంది ఆమె. "వనపర్తిల గూడ అడిగిందంట. వాళ్లు గీ కాయిదమే సూపిచ్చిండ్రంట."

"చీర కడితె బొక్క ఇరగది చెల్లె."

"మరి ఎందుకు రాసిండ్రు?"

పద్దెనిమిదేళ్లలో ఈ ప్రశ్నకు నా దగ్గర ఎన్నో జవాబులు ఉండేవి. ఇన్‌ఫెక్షన్, పరిశుభ్రత, నియమాలు. ఆ పీట మీద కూర్చున్నాక వాటిని వాడలేదు. "మాకు పని సులువైతదని," అన్నాను.

"గంతేనా?"

"గంతే."

ఆమె నన్ను తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. నెత్తికి చుట్టిన గుడ్డ విప్పి, "ఇయ్యాల పొలానికి పోను," అని మొగుడికి ఫోను చేసి చెప్పింది.

నేను ఆపరేషన్ చేసిన డాక్టరుకు ఫోను చేశాను. ఆయన పోయిన వారమే వాళ్లు పంపిన కొత్త ఎక్స్‌రే చూశాడు. "ఎముక బాగానే అతుకుతోంది. నడుస్తోందా?" అని ఆయనే అడిగాడు.

"లేదు సార్. ఇంకా నిలబడలేదు. మూత్రం ట్యూబు కూడా తీయలేదు."

"రెండో రోజే నిలబెట్టమన్నాను కదయ్యా. ఎవరు ఆపారు?"

"నేనే సార్."

ఆయన గొంతులో ఆశ్చర్యం కన్నా అలసట ఎక్కువ వినిపించింది. "కాళ్లు సన్నబడి ఉంటాయి. ముందు కూర్చోబెట్టండి, కళ్లు తిరుగుతాయి. వాకర్ మీద మెల్లగా. ఆ ట్యూబు ఇంకా ఎందుకుంది? తీసేయండి. సాయంత్రంలోగా మూత్రం రాకపోతే నాకు చెప్పు."

కోడలు ఫోను చేస్తే సబ్ సెంటర్ నర్సమ్మ స్కూటీ మీద వచ్చింది. సంగతంతా విని నన్ను కింది నుంచి పైదాకా చూసింది. "కాయిదంల రాసుంటె, గద్వాల దవాఖానోళ్లు చూడకుంట రాస్తరా అనుకున్న అన్నా."

"ఆ దవాఖానోన్ని నేనే."

"అయితె నువ్వు బయటికి పో. ట్యూబు నేను తీస్త, చీర నేను కడత."

ఇక్కడొక చిక్కు వచ్చింది. గోచి చీర నిలబడే కట్టుకోవాలి. అవ్వ చీర లేనిదే నిలబడదు. నిలబడనిదే చీర రాదు. లోపల ముగ్గురు ఆడవాళ్ల వాదన నాకు వాకిట్లోకి వినబడుతోంది. కోడలు ముందు ఒక పాలిస్టరు చీర తెచ్చింది. "అది జారుతది, ఎర్రంచు నూలు చీర తే," అంది అవ్వ. పెట్టె తాళం తీసిన చప్పుడు. తర్వాత కోడలు, "కూసుండవెట్టి కడదాం," అంది. "కూసుంటె గోసి ఎట్ల వస్తదే? నీకెన్నడన్న కట్టుడొచ్చిందా?" అంది అవ్వ. ఆమె గొంతు ఇంత పెద్దదని నాకు అప్పుడే తెలిసింది.

అప్పుడు నాకు పనికొచ్చే విషయం ఒక్కటి గుర్తొచ్చింది. లేవలేని మనిషి కింద దుప్పటి మార్చే పద్ధతి ఒకటుంది. మనిషిని ఒక పక్కకు తిప్పి, దుప్పటి సగం చుట్టి వీపు కిందికి తోసి, మళ్లీ రెండో పక్కకు తిప్పి ఆ సగాన్ని లాగాలి. చీరా అలాగే కట్టొచ్చు. గోడ దిక్కు తిరిగి, వాకిట్లో కట్టేసిన బర్రె పక్కన నిలబడి, బయటి నుంచే చెప్పడం మొదలుపెట్టాను.

"ఆపరేషన్ కాని పక్కకు తిప్పుండ్రి మొదలు. రెండు మోకాళ్ల నడుమ మెత్త పెట్టుండ్రి. చీర సగం చుట్టి నడుము కిందికి తొయ్యిండ్రి."

"తోసినం! ఇగ?"

"ఇప్పుడు మెల్లగ ఇటు తిప్పి గుంజుండ్రి."

"అగో, లోపలికి జూస్తుండా ఏంది?" అని అవ్వ కేక.

"బర్రెను జూస్తున్న అవ్వా."

"గదే జూడు. నీకు గదే సరి."

నర్సమ్మ నవ్వుకు మంచం కిర్రుమంది. చీర కట్టడానికి అరగంట పట్టింది. దవాఖానలో నైటీ తొడగడానికి రెండు నిమిషాలు చాలు. ఆ మిగిలిన ఇరవై ఎనిమిది నిమిషాలను ఆదా చేసుకోవడానికి నేను ఒక మనిషి రెండు నెలలను ఖర్చు చేశానన్నమాట.

లోపలికి రమ్మన్నారు. ఎర్రంచు చీరలో, మంచం అంచున కాళ్లు కిందికి వేలాడేసి, ఇద్దరి భుజాల మీద చేతులు వేసి అవ్వ కూర్చుని ఉంది. మోకాళ్ల కింద కాళ్లు కట్టెల్లా ఉన్నాయి. కళ్లు తిరిగి, రెండు నిమిషాలకే మళ్లీ పడుకోబెట్టాల్సి వచ్చింది. కానీ పడుకున్నాక గోడ దిక్కు తిరగలేదు. పొద్దుగూకక ముందే కోడలు బయటికొచ్చి, "మూత్రం వచ్చింది," అని పెళ్లి కబురు చెప్పినట్టు చెప్పింది. నేను డాక్టరుకు అదే కబురు అదే సంతోషంతో చేరవేశాను. మా వృత్తిలో కొన్ని ఆనందాలను బయటివాళ్లకు వివరించడం కష్టం.

శనివారం డ్యూటీకి సెలవు పెట్టి పొద్దున్నే పోయాను. పుండుకు కట్టు ఎలా కట్టాలో నర్సమ్మకు చూపించి ఆ పని ఆమెకే అప్పజెప్పాను. అవ్వ వాకర్ పట్టుకుని నిలబడింది. పది లెక్కపెట్టే దాకా అనుకున్నాం. ఏడు దగ్గర మోకాలు మడత పడింది, ఇద్దరం పట్టుకున్నాం. ఆమె ముఖం పాలిపోయింది. కొడుకు తలుపు దగ్గర నిలబడి ఇదంతా చూశాడు.

"ఎందుకు సారూ ఆమెను సతాయిస్తరు," అన్నాడు. "బండి చెప్పేసినం. పడితె మళ్ల ఇంకో బొక్క ఇరుగుతది. అప్పుడు జవాబు నువ్వు చెప్తవా?"

ఆయన భయం న్యాయమైనదే. ఆమె మొండిదని ఆయనకు చెప్పింది నేను, నడవలేదని రాసిచ్చింది నేను. ఇప్పుడు ఒక్క పూటలో ఇంకో మాట నమ్మమంటే ఎలా నమ్ముతాడు? "చెప్త," అన్నాను. "ఇదివరకటి దానికి గూడ నేనే జవాబు చెప్పాలె. మీ అమ్మ మొండిది గాదు. నేను అడగలే. గంతే జరిగింది."

ఆయన బండి వద్దని మాత్రం అనలేదు.

ఆదివారం ఆమె నాలుగడుగులు వేసింది. మధ్యాహ్నం ఇంకో ఆరు. ఇంటి తలుపు నుంచి పెరట్లో బాత్రూముకు పద్నాలుగు అడుగులని కోడలు ముందే కొలిచి పెట్టింది. నాకున్నవీ పద్నాలుగు మంచాలే. ఆ లెక్క నాకెందుకు తగిలిందో తెలియదు గాని తగిలింది.

సోమవారం తొమ్మిదింటికి వనపర్తి కేంద్రం బండి వచ్చింది. కేంద్రంలో పనిచేసే మనిషి ఒకతను వెనక తలుపు తెరిచి స్ట్రెచర్ దించాడు. చేతిలో నా కాగితం నకలు. గడప పక్కన అరుగు మీద అవ్వ కూర్చుని పల్లికాయలు ఒలుస్తోంది, కాళ్లు కిందికి పెట్టుకుని.

"పేషెంట్ ఏడ అవ్వా?" అని అడిగాడు అతను.

"ఏం పేషెంట్?"

"మంచం మీది పేషెంట్. గిదే ఇల్లు అన్నరు."

"మంచం లోపల ఉన్నది. తీసుకపో," అంది అవ్వ.

అతను నా వంక చూశాడు, నేను కోడలి వంక చూశాను, కోడలు పల్లికాయల వంక చూసింది. అవ్వ ఒడిలో పొట్టు దులిపి, వాకర్ పట్టుకుని లేచింది. మాకు చూపించడానికి లేవలేదు. ఆమెకు పెరట్లోకి పోవాల్సిన పని ఉంది. నేను పక్కన నడవబోతే చెయ్యి అడ్డం పెట్టింది. కోడలు వెనక రెండడుగుల దూరంలో నడిచింది, పట్టుకోకుండా, చేతులు మాత్రం చాపి. ఆరో అడుగు దగ్గర ఆగి ఊపిరి తీసుకుంది. పదో అడుగు దగ్గర ఇంకోసారి. బాత్రూము తలుపు దాకా పోయి, లోపలికి పోయి, గడియ వేసుకుంది.

ఆ గడియ చప్పుడుకే కొడుకు కదిలాడు. స్ట్రెచర్ ఒక కొన పట్టుకుని బండిలోకి తోస్తూ, "వాపస్ తీస్కపో తమ్మీ," అన్నాడు. ఇంకేదో అనబోయి, చాయ్ తాగిపొమ్మన్నాడు.

అవ్వ తిరిగి వచ్చి అరుగు మీద కూర్చున్నాక నేను ఆమె ముందు పీట వేసుకున్నాను. "తప్పయింది అవ్వా. నిన్ను అడగకుంట రాసిన."

ఆమె పల్లికాయ ఒకటి ఒలిచి నోట్లో వేసుకుంది. "రాసినవు, మంచిగ రాసినవు. ఇప్పుడు పో. నీకు మస్తు మంచాలున్నయంటివి గద దవాఖానల. ఆడోళ్లను ఎట్లున్నరో జూడు పో."

నన్ను క్షమించిందో లేదో చెప్పలేదు. నేనూ అడగలేదు.

ఖాళీ స్ట్రెచర్ పక్కన కూర్చుని ఆ బండిలోనే వనపర్తి పోయాను. కేంద్రం చూసుకునే ఆమెకు నేను ఎవరో చెప్పి, ఫైలులో నా కాగితం ముందు ఇంకో కాగితం పెట్టించాను. "ఈ రోగి నడవలేదని నేను పరీక్షించకుండా రాశాను. అది తప్పు. చీర కట్టకూడదన్నదీ తప్పు. ఇప్పుడు వాకర్‌తో నడుస్తోంది." సంతకం, తేదీ. ఆమె చదివి, "మా దగ్గర ఇటువంటి కాగితం ఎప్పుడూ పెట్టలేదు సార్," అంది. "నేనూ ఎప్పుడూ రాయలేదు," అన్నాను. అక్కడ హాలులో తొమ్మిదిమంది అవ్వలు తొమ్మిది నైటీల్లో గోడ దిక్కు తిరిగి పడుకుని ఉన్నారు. గద్వాల దవాఖాన నుంచి వచ్చినవాళ్లు ఎవరో అడిగాను. ముగ్గురు. ఆ ముగ్గురి కాగితాల్లోనూ రెండు గీతలు. ఒక్కొక్క మంచం దగ్గర పీట వేసుకుని కూర్చుని అడిగాను. ఇద్దరు చీర అన్నారు. ఒకామె ముస్లిం అవ్వ, తన సల్వార్, తలకు దుపట్టా కావాలన్నది. లోపల ఏమీ లేకుండా నైటీలో నమాజుకు కూర్చోలేక మానేశానని చెప్పింది. ఆ ముగ్గురినీ వాళ్ల డాక్టర్లకు చూపించకుండా నడిపించమని నేను చెప్పలేను, చెప్పలేదు. కానీ ఆ డాక్టర్లకు ఫోన్లు చేశాను. ముగ్గురి ఫైళ్లలోనూ నా తప్పు ఒప్పుకుంటూ ఒక్కో కాగితం పెట్టించాను.

మంగళవారం డ్యూటీకి పోగానే వార్డు గోడ మీది ప్లాస్టిక్ కాగితం పీకాను. జిగురు గట్టిది. "సౌకర్యార్థం" అన్నంత మేర గోడకే అంటుకుని మిగిలింది. దాన్ని చెంచాతో గీకుతుంటే మా పెద్ద నర్సు వచ్చి, "మరి చీరలతో మీరెట్లా మేనేజ్ చేస్తారు సార్? టైమెక్కడిది?" అంది. "అరగంట పడుతుంది మేడం," అన్నాను. "నేర్పిస్తాను." కొత్త రోగుల వివరాలు రాసుకునే ఫారం అడుగున, పేరూ వయసూ మందులూ అయ్యాక, ఇంకో ప్రశ్న పెన్నుతో రాశాను: ఇంట్లో ఏం కట్టుకుంటారు?

ఆ సాయంత్రం నాగర్‌కర్నూల్ నర్సింగ్ బడికి ఫోను చేసి, ఇంకో గంట ఇస్తారా అని అడిగాను. దేని మీద అని అడిగారు. పోయినసారి చెప్పని భాగం మీద అన్నాను. వచ్చే గురువారం రమ్మన్నారు. వెళ్లేటప్పుడు పాత డిశ్చార్జి కాగితం నకలూ, ఒక నూలు చీరా, ఒక దుప్పటీ సంచిలో పెట్టుకున్నాను, పడుకున్న మనిషికి గోచి ఎలా కట్టాలో చూపించడానికి. శాలువా వద్దని ముందే చెప్పాను.